మూడో సంతకం

తెలుగు మేష్టారికి సిమెంటుతో పనేమిటని మీరడగవచ్చు. అడగటం న్యాయమే. మా ఆవిడ రోజూ అడుగుతూనే ఉన్నది. నన్నయగారిని గురించో తిక్కనగారిని గురించో మాట్లాడవలసిన మనిషి భోజనాల దగ్గర సున్నపురాయిని గురించీ, బట్టీల వేడిని గురించీ మాట్లాడుతుంటే ఏ ఇల్లాలు మాత్రం అడగకుండా ఉంటుంది?

సంగతేమిటంటే, మా ప్రిన్సిపాలుగారి గదిలో ఒక అద్దాల బీరువా ఉన్నది. అందులో 11 ఒప్పందాలున్నవి. మా కాలేజీకీ, రకరకాల కంపెనీలకూ మధ్య కుదిరిన అవగాహన ఒప్పందాలు. వీటిని ఎం.ఓ.యు.లంటారు. ప్రతిదానికీ మంచి అట్టా, ఎర్రని రిబ్బనూ, రెండు సంతకాలూ, రెండు ముద్రలూ ఉన్నవి. ప్రతిదానితోపాటు ఒక ఫోటో ఉన్నది. ఫోటోలో రెండు శాలువలు, ఒక పూలగుత్తి, వెనక వరుసలో నేనూ ఉంటాము. ఆ బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

అది నా దగ్గరకెలా వచ్చిందంటారా? ఫిజిక్సు మేష్టారికి ఎన్.సి.సి. ఉన్నది. కెమిస్ట్రీ మేష్టారికి పరీక్షల విభాగం ఉన్నది. కామర్సు మేష్టారికి అడ్మిషన్లున్నవి. ‘తెలుగు మేష్టారికేమున్నది?’ అని స్టాఫు మీటింగులో ఎవరో సందేహం వెలిబుచ్చారు. ‘ఏమీ లేదు’ అని నాకంటె ముందు అందరూ ఏకగ్రీవంగా జవాబిచ్చారు. ఆ విధంగా నేను పరిశ్రమల అనుసంధాన విభాగానికి కన్వీనర్ని అయినాను.

మాది పల్నాడు. సున్నపురాయి మీద పుట్టి సున్నపురాయి మీద పెరిగేవాళ్ళం. గోడలకు నాపరాయి, కప్పుకు నాపరాయి, అరుగుకు నాపరాయి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల సంగతి మీకు తెలిసే ఉంటుంది. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు లోటు లేదు. అందులో ఒక ఫ్యాక్టరీతో 2022లో మేము ఒప్పందం కుదుర్చుకున్నాము. ‘కర్బన ఉద్గారాలను తగ్గించు నూతన ఆవిష్కరణలయందు పరస్పర సహకారము’ అని దానికి పేరు. ఆ వాక్యం నాదే. వ్రాసిన రోజున చాలా బాగున్నదనిపించింది.

రెండేళ్ళు గడిచినవి. న్యాక్ వాళ్ళ తనిఖీ దగ్గరపడ్డది. వాళ్ళ ఫారంలో ఒక గడి ఉన్నది: ఈ ఒప్పందం కింద ఏ సంవత్సరం ఏ పని జరిగినది? ఫ్యాక్టరీవాళ్ళు మా దగ్గరకు రాలేదు. మేము వాళ్ళ దగ్గరకు పోలేదు. తప్పు ఏ ఒక్కరిదీ కాదు, ఇద్దరమూ ఫోటో దిగి పని పూర్తయిందనుకున్నాము. గడిలో ‘పరస్పర అవగాహన పెంపొందినది’ అని వ్రాశాను. ముప్పయి ఏళ్ళుగా చదువుకున్న తెలుగు అలా అక్కరకు వచ్చింది.

ఆ సాయంత్రమే ఒక అమ్మాయి నా గది గుమ్మంలో నిలబడ్డది. బి.యస్సీ. కెమిస్ట్రీ రెండో సంవత్సరం. తండ్రి సున్నపు బట్టీలో పనిచేస్తాడు.

“సార్, నోటీసుబోర్డు మీద ఎం.ఓ.యు. ఫోటో చూశాను. దాని కింద మేమేం చెయ్యొచ్చు సార్?”

నేను తడబడ్డాను. “ఏం చెయ్యాలనమ్మా?” అన్నాను.

“అది కాదు సార్. కర్బనం తగ్గించటమంటే బట్టీలు మూసెయ్యటమేనా? మా నాన్న అడగమన్నాడు.”

“రేపు రామ్మా, చెబుతాను” అన్నాను. తెలియనివాళ్ళందరూ చెప్పే జవాబే అది. కాని ఆ అమ్మాయి నిజంగానే రేపు వస్తుందని ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది. అందుకని ఆ రాత్రి కెమిస్ట్రీ మేష్టారి ఇంటికి వెళ్ళి కూర్చున్నాను.

ఆయన పాత ప్రశ్నపత్రం వెనక లెక్క వేసి చూపించారు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలోకి పోతుంది. బొగ్గుతో కాల్చినా, ఊకతో కాల్చినా, ఆఖరికి సూర్యుడి వేడితో కాల్చినా ఆ 44 కిలోలు పోక తప్పదు. ఎందుకంటే అది పొయ్యిలోది కాదు, రాతిలోది. సిమెంటు తయారీలో పైకి పోయే ఈ వాయువులో నూటికి సుమారు 60 వంతులు రాతిలోనుంచే వస్తుంది. తక్కినది వంటచెరకు ఖర్చు. అదీ తక్కువేమీ కాదు. రాతినీ మన్నునూ కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తేగాని నల్లని ఉండలు తయారుకావు. వాటిని క్లింకరంటారు. క్లింకర్ని కాస్త జిప్సంతో కలిపి పొడిచేస్తే సిమెంటు.

ప్రపంచం మొత్తమ్మీద మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువులో నూటికి 7, 8 వంతులు ఒక్క సిమెంటుదే. చైనా తరువాత ఎక్కువ సిమెంటు చేసేది మన దేశమే. మరి మానేద్దామా అంటే, ఇంకా ఇల్లు కట్టుకోవలసినవాళ్ళు మన దేశంలోనే ఎక్కువ. పూరిపాకలో ఉన్నవాడితో ‘నాయనా, భూమి వేడెక్కుతున్నది, నువ్వు పాకలోనే ఉండు’ అని చెప్పటానికి నోరెలా వస్తుంది?

“అందుకని క్లింకరు తగ్గించే ఉపాయం చూశారు” అన్నారు కెమిస్ట్రీ మేష్టారు. ఇప్పటికే థర్మల్ స్టేషన్ల బూడిదనూ, ఉక్కు ఫ్యాక్టరీల చిట్టెపు పొడినీ సిమెంటులో కలుపుతున్నారు. కాని బొగ్గు మండించటం తగ్గితే బూడిదా తగ్గుతుంది. తరగకుండా దొరికేది మన్ను. తెల్లసుద్ద జాతి బంకమన్నును 700 నుంచి 850 డిగ్రీల లోపల కాలుస్తారు. అప్పుడు దానిలోనుంచి నీరు పోతుంది, అంతే. రాతిలోలాగ బొగ్గుపులుసు వాయువు పోదు. ఆ కాలిన మన్ను 30 పాళ్ళు, కాల్చని సున్నపురాయి పొడి 15 పాళ్ళు, జిప్సం 5 పాళ్ళు, క్లింకరు 50 పాళ్ళు. దీని పేరు ఎల్‌సీ3. మామూలు సిమెంటుతో పోలిస్తే బొగ్గుపులుసు వాయువు నూటికి 40 వంతుల దాకా తగ్గుతుంది.

నాకు చటుక్కున మా తాతయ్య జ్ఞాపకం వచ్చాడు. తాతయ్య తాపీ పనివాడు. గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి గచ్చు చేసేవాడట. మా పాత ఇంటి గోడలో మేకు దిగదు. ఇటుక పొడి అంటే కాల్చిన మన్నేగదా! దాన్ని సుర్కీ అంటారు. 1895లో పూర్తయిన ముల్లపెరియారు ఆనకట్ట సున్నం, సుర్కీలతో కట్టినదే. ‘అయితే ఇదంతా మా పెద్దలకెప్పుడో తెలుసునన్నమాట!’ అని నేను జబ్బలు చరచబోయాను.

“ఆగండి” అన్నారు కెమిస్ట్రీ మేష్టారు. “మీ పెద్దలకు తెలిసింది ఒక సగం. వాళ్ళ సున్నం గట్టిపడటానికి నెలలు పట్టేది. ఇవాళ స్లాబు వేసినవాడు మూడు వారాలకు చెక్కలు ఊడదీయాలంటాడు. ఆ రెండో సగం కోసమే యూనివర్సిటీలూ ఫ్యాక్టరీలూ కలిసి ఏళ్ళతరబడి పనిచేయవలసి వచ్చింది.”

ఆ రెండో సగం కథ తెలుసుకున్న తరువాత నాకు మా బీరువా వంక చూడటానికి సిగ్గువేసింది. కథ కాస్త వినండి.

స్విట్జర్లాండులో లొసాన్ అనే ఊళ్ళో పెద్ద సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నది. కారెన్ స్క్రివెనర్ అనే ఆవిడ అక్కడ ప్రొఫెసరుగా పనిచేశారు. ఆవిడ మొదట లండన్‌లో విశ్వవిద్యాలయంలో ఉన్నారు. తరువాత ఫ్రాన్సులో ఒక పెద్ద సిమెంటు కంపెనీ పరిశోధనశాలలో కొన్నేళ్ళు పనిచేశారు. 2001లో లొసాన్ వచ్చారు. అంటే చదువు ఇంటి గుమ్మమూ, వ్యాపారపు గుమ్మమూ రెండూ తొక్కిన మనిషి. 2004లో ఐరోపా విశ్వవిద్యాలయాలూ, సిమెంటు కంపెనీలూ కలిసి నానోసెమ్ అనే కూటమి పెట్టుకోవటంలో ఆవిడది ముఖ్యపాత్ర. బజారులో ఒకరి మొహం ఒకరు చూడని కంపెనీలు అక్కడ కలిసి చందాలు వేసుకుని, సిమెంటు లోపల అసలేం జరుగుతున్నదో తెలుసుకోవటానికి విద్యార్థుల చేత పరిశోధన చేయించాయి. అమ్ముకునేటప్పుడు పోటీ, తెలుసుకునేటప్పుడు పొత్తు. ఆలోచిస్తే ఇది మా వీధిలో రెండు కిరాణాకొట్లవాళ్ళు కలిసి బావి తవ్వించుకున్నట్టే.

రెండో మనిషి ఫెర్నాండో మార్తిరేనా. క్యూబాలో శాంతా క్లారా అనే ఊళ్ళో ఉన్న విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. క్యూబాకు అమెరికావాళ్ళ ఆంక్షలు. ఇంధనం ఖరీదు. బట్టీలు పాతవి. ఇళ్ళు కావలసినవాళ్ళు లెక్కలేనంతమంది. క్లింకరు పొదుపు చేయటం వాళ్ళకు వాతావరణం మాట ఎలా ఉన్నా ముందు బతుకు మాట. ఇటు స్విట్జర్లాండు సూక్ష్మదర్శినులు, అటు క్యూబా అవసరం. కాల్చిన మన్నుకు పచ్చి సున్నపురాయి పొడి జోడిస్తే రెండూ ఒకదానితో ఒకటి కలిసి లోపలి సందులు పూడ్చుకుంటాయని ఈ పరిశోధనల్లో తేలింది. పచ్చి రాయి వట్టి ఊకదంపుడు కాదు, అదీ పనిచేస్తుందన్నమాట.

2013లో క్యూబాలో సిగ్వనే అనే ఫ్యాక్టరీలో మొదటిసారి టన్నులలెక్కన చేసి చూశారు. కొత్త యంత్రం కొనలేదు. ఉన్న పాత బట్టీలోనే మన్ను కాల్చారు. స్విట్జర్లాండు ప్రభుత్వ సహాయంతో అదే కాలంలో మన దేశంలోనూ పని సాగింది. ఢిల్లీ, బొంబాయి, మద్రాసు ఐ.ఐ.టి.లు, గ్రామాల కోసం పనిచేసే తారా అనే సంస్థా అందులో చేరాయి. ఢిల్లీ ఐ.ఐ.టి.లో దీనికోసం పనిచేసిన శశాంక్ బిష్ణోయ్ గారు లొసాన్‌లో చదువుకుని వచ్చినవారే. ఝాన్సీలో ఈ సిమెంటుతో ఒక ఇల్లు కట్టి చూశారు. పరీక్షల మీద పరీక్షలు. చివరకు 2023లో భారతీయ ప్రమాణాల సంస్థవాళ్ళు దీనికి ఐ.ఎస్. 18189 అని ఒక ప్రమాణం ప్రకటించారు. ఈలోగా 2020లోనే కొలంబియాలో ఆర్గోస్ కంపెనీ రియోక్లారో ఫ్యాక్టరీలో మన్ను కాల్చే పెద్ద బట్టీ పెట్టింది. 2023లో ఫ్రాన్సులోనూ అటువంటిది పనిలోకి వచ్చింది.

ఏళ్ళు లెక్కపెట్టండి. క్యూబాలో మొదటి టన్ను నుంచి మన దేశపు ప్రమాణం దాకా 10 ఏళ్ళు. ప్రయోగశాలలో గడిచిన కాలం దానికి ముందు. మా ఒప్పందం గడువు 3 ఏళ్ళు. అందులో రెండు ఫోటో ఆరటానికే సరిపోయినవి.

మరునాడు అమ్మాయి వచ్చింది. నాకు తెలిసిందంతా చెప్పాను. కొత్త సిమెంటుకూ సున్నపురాయి కావాలనీ, క్లింకరు మాత్రం తగ్గుతుందనీ, సున్నపు బట్టీల సంగతి వేరనీ, వాటి 44 కిలోలకు కూడా ఎప్పుడో ఎవరో లెక్క అడగక మానరనీ చెప్పాను. “మరి అప్పుడు మా నాన్న?” అన్నది. నాకు తెలియదన్నాను. పిల్లల దగ్గర అబద్ధమాడటానికి నాకు చందస్సు కుదరదు.

ఆ అమ్మాయి కాసేపు ఊరుకున్నది. “అయితే సార్, ఆ లెక్కలు వేసేచోట మావాళ్ళు కూడా ఉండాలిగదా” అన్నది.

అప్పుడు బీరువా తాళం తీశాను. ఒప్పందం మొదటిసారి పూర్తిగా చదివాను. నేను వ్రాసినదే, నిజమే. వ్రాయటం వేరు, చదవటం వేరు. నాలుగో అంశంలో ‘ఫ్యాక్టరీ పరీక్షా సౌకర్యములను విద్యార్థులు వినియోగించుకొనవచ్చును’ అని ఉన్నది! నా కలం నుంచి అంత పనికివచ్చే వాక్యం వచ్చిందని నేనే ఎరగను.

కెమిస్ట్రీ మేష్టారూ, ఆ అమ్మాయీ, ఇంకో నలుగురు పిల్లలూ కలిసి చిన్న ప్రయోగం మొదలుపెట్టారు. కొత్త సిమెంటు చేయటం మావల్ల అయ్యే పని కాదు. కాల్చిన మన్ను సున్నంతో కలిస్తే గట్టిపడుతుందా, పడితే ఎంత, అని చూడటమే పని. ఇటుకల బట్టీకి వెళ్ళి, బాగా కాలి నల్లగా మెరుస్తున్న ఇటుకలు ఏరుకొచ్చారు. బాగా కాలినది బాగా పనిచేస్తుందని మా అందరి తర్కం. దంచి, జల్లించి, సున్నమూ ఇసుకా కలిపి ఆరు క్యూబులు పోశారు. వరండాలో మంచి ఎండలో పెట్టారు. నెల తరువాత వాటిని సంచిలో వేసుకుని ఫ్యాక్టరీకి బయలుదేరాము.

గేటు దగ్గర అరగంట నిలబెట్టారు. ఒప్పందం కాగితం చూపిస్తే సెక్యూరిటీ అబ్బాయి రిబ్బను చూసి ఇంకో పావుగంట నిలబెట్టాడు. చివరకు ల్యాబు ఆఫీసరు వచ్చాడు. ముప్పయి ఏళ్ళుండవు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, “ఒప్పందం ఉందని తెలుసు సార్. మీరు నిజంగా వస్తారనుకోలేదు” అన్నాడు. పాపం, ఎంత మంచివాడో! తన టీ మానుకుని మా క్యూబుల్ని యంత్రం కింద పెట్టాడు.

మొదటిది మరమరాల ముద్దలాగ రాలిపోయింది. రెండోదీ అంతే. ఆరోదాన్ని యంత్రం దాకా రానివ్వకుండా సంచిలోనే రాలిపోయి పరువు దక్కించుకుంది. పిల్లల ముఖాలు చిన్నబోయినవి. కెమిస్ట్రీ మేష్టారు అద్దాలు తుడుచుకున్నారు. నేను మాత్రం ‘పరస్పర అవగాహన పెంపొందినది’ అనుకున్నాను.

ఇంటికి పోయే దారిలో, ఎందుకో, మా ఊరి బాబాయి దగ్గర ఆగాము. ఆయన మా తాతయ్య దగ్గర తాపీ పని నేర్చినవాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు. ముక్కలు చేతిలో పోసుకుని వేళ్ళతో నలిపాడు. నాలిక మీద కొంచెం వేసుకుని ఉమ్మేశాడు.

“ఏ ఇటుక కొట్టార్రా ఇది?”

చెప్పాము.

“చదువుకున్నవాళ్ళు! మాడిపోయిన ఇటుక రాయితో సమానం. దానిలో ఇంక ప్రాణమేముంటుంది? పొడికి సగం కాలిన ఇటుక కావాలి. పెళుసుగా, లేత ఎరుపుగా ఉంటుంది చూడు, అది. సరే, ఎన్నాళ్ళు తడిపారు?”

“తడపలేదు బాబాయ్, ఎండలో పెట్టాం.”

ఆయన నన్ను చూసిన చూపు ఇక్కడ వ్రాయను. “మాష్టారూ, ఎండబెట్టటానికి అదేమన్నా అప్పడమా?” అన్నాడు.

కెమిస్ట్రీ మేష్టారు కారు ఎక్కిందాకా మాట్లాడలేదు. ఎక్కిన తరువాత, “ఆయన చెప్పింది అక్షరాలా నిజమండీ. 900 డిగ్రీలు దాటి కాలితే మన్ను మళ్ళీ గట్టి స్ఫటికాలుగా మారిపోయి చురుకు పోగొట్టుకుంటుంది. నేను ప్రతి ఏడూ పాఠం చెబుతాను. సుర్కీతో ఈ మాటకు సంబంధం ఉందని తోచలేదు. నీళ్ళు లేకపోతే చర్య ఆగిపోతుందనీ తెలుసు...” అని ఆగిపోయారు. కొలిమి దగ్గర థర్మామీటరు లేని ముసలాయన రంగు చూసి, వేలితో నలిపి ఆ వేడి గుర్తించాడు. పేరు మాత్రం ‘ప్రాణం’ అని పెట్టుకున్నాడు.

రెండో దఫా బాబాయే స్వయంగా వచ్చాడు. ఇటుకలు ఆయనే ఏరాడు. మాలు కలిపేటప్పుడు నీళ్ళు కొలిచిపోసే గాజుపాత్రను పక్కన పెట్టించి పిడికిలి బిగించి చూపించాడు. ఆ అమ్మాయి ఊరుకోలేదు, ఆయన పిడికిలికి సరిపోయిన నీళ్ళను మళ్ళీ గాజుపాత్రలో కొలిచి పుస్తకంలో వ్రాసుకున్నది. నాకు బాగా నచ్చిన దృశ్యం అదే. క్యూబుల్ని తడి గోనెపట్టాల్లో చుట్టి నెలరోజులు తడిపారు. ఆదివారాలు తడిపే వంతు నాది.

ఈసారి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబెట్టలేదు. యంత్రం ముల్లు కదిలింది, క్యూబులు నిలబడ్డవి, చివరకు నిటారుగా పగుళ్ళిచ్చి విరిగినవి. మహాబలమేమీ కాదు. సిమెంటు ముందు అవి పసిపిల్లలు. కాని రాలిపోలేదు. ల్యాబు ఆఫీసరు, “బాగుంది సార్” అని, ఆ అమ్మాయివంక తిరిగి, “మా దగ్గర మన్ను నమూనాలు చాలా ఉన్నాయమ్మా, ఏ మన్ను ఎంత పనికొస్తుందో చూసే తీరిక మాకు లేదు. సెలవుల్లో వస్తావా?” అన్నాడు. ఆ మాట బీరువాలో ఉన్న 11 ఒప్పందాల పెట్టు.

అక్కడితో కథ అయిపోతే బాగుండును. మా బావమరిదికి సిమెంటు కొట్టున్నది. అతనితో ఈ సంబరమంతా చెప్పాను. అతను ఓపిగ్గా విని, “బావగారూ, మన్ను కాలిస్తే ఎర్రగా వస్తుందిగదా. బస్తా విప్పగానే ఎర్రపొడి కనిపిస్తే కల్తీ అని మొహాన కొడతారు. సిమెంటంటే బూడిదరంగే” అన్నాడు. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. మన్నులో ఇనుముంటే ఎర్రబడుతుంది. రంగు తిరగకుండా బట్టీలో గాలిని అదుపు చేసే పద్ధతులు ఫ్యాక్టరీలు పెట్టుకోవలసి వచ్చింది. బలానికీ రంగుకూ సంబంధం లేదని విశ్వవిద్యాలయం ఋజువు చేయగలదు. కొనేవాడి కంటికి ఎవరు ఋజువు చేస్తారు? పైగా ఈ కొత్త సిమెంటుకు మాలు కాస్త జిగురుగా ఉంటుందట, పలచన చేసే మందు వేయాలట. ఆ సంగతి తెలియని మేస్త్రి ఏం చేస్తాడు? ఇంకో బొచ్చెడు నీళ్ళు పోస్తాడు. ఆ నీళ్ళతో 10 ఏళ్ళ పరిశోధన గోడమీదనుంచి జారిపోతుంది. అప్పుడు తప్పు సిమెంటుది అంటారు.

1824లో పోర్ట్‌లాండు సిమెంటుకు పేటెంటు తీసుకున్న జోసెఫ్ ఆస్ప్‌డిన్ ప్రొఫెసరు కాడు, ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్ళో తాపీ మేస్త్రి. ఈ రెండువందల ఏళ్ళలో సిమెంటు ఎక్కడెక్కడికో వెళ్ళింది. మేస్త్రి మాత్రం కాగితాల మీదనుంచి జారిపోయాడు. విశ్వవిద్యాలయం సంతకం పెడుతుంది, కంపెనీ సంతకం పెడుతుంది. మాలు కలిపేవాడూ, బట్టీ దగ్గర నిలబడేవాడూ ఆ కాగితంలో ఏ మూలా లేరు. కంపెనీలు లాభం చూసుకుంటాయని నేను తప్పుపట్టను, అది వాళ్ళ వృత్తిధర్మం. లాభం లేకపోతే కొలంబియాలో ఆ బట్టీ లేచేదీ కాదు. కాని లెక్కలు వేసేచోట మావాళ్ళూ ఉండాలన్న ఆ అమ్మాయి మాట నన్ను వదలలేదు.

2025లో ఒప్పందం గడువు తీరింది. కొత్తది వ్రాయవలసి వచ్చింది. ఈసారి ‘పరస్పర’ అన్న మాట ఒక్కచోట కూడా వాడలేదు. ఏ నెలలో ఎవరు ఎక్కడికి వెళ్ళాలో వ్రాశాను. పిల్లలు సెలవుల్లో ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తారు. ఫ్యాక్టరీ ఆఫీసరు ఏడాదికి రెండుసార్లు వచ్చి పాఠం చెబుతాడు. కొత్త రకం సిమెంటు వాడకాన్ని గురించి మేస్త్రీలకు మంచి తెలుగులో చిన్న పుస్తకం వేస్తాము, వ్రాసే పని నాది, సరిచూసే పని బాబాయిది. పాత ఫారంలో గడి కూడా దిద్దాను: ‘రెండు దఫాలు ప్రయోగము చేయబడినది. మొదటి దఫా విఫలము.’ ప్రిన్సిపాలుగారు ‘విఫలము’ దగ్గర పెన్ను ఆపి, “ఇది అవసరమంటారా?” అన్నారు. “అదొక్కటే నిజంగా జరిగిన పనండీ, రెండోది దానివల్లనే వచ్చింది” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సంతకం పెట్టారు.

సంతకాల రోజున శాలువలు మూడు తెప్పించాను. బాబాయి తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. కాగితంలో సంతకాలకు రెండే చోట్లున్నవి. మూడోది ఎక్కడ పెట్టించాలో ఎవరికీ తోచలేదు. చివరకు ‘సాక్షి’ అన్నచోట పెట్టమన్నారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క అక్షరమే ఇటుక పేర్చినట్టు పేర్చి తెలుగులో సంతకం చేశాడు. ఫోటో తీశారు. ఈసారి నేను వెనక వరుసలో లేను, ఆ అమ్మాయి ఉన్నది.

తిరిగి వెళ్తూ బాబాయి నన్ను పక్కకు పిలిచాడు.

“అంతా బాగానే ఉంది నాయనా. రేపు నేనో, నా బోటివాడో మీ పిల్లలకు పని చూపించటానికి వస్తాడనుకో. ఆ రోజు కూలి ఎవరిస్తారు? కాలేజీయా, ఫ్యాక్టరీయా?”

నేను కాగితం తిరగేశాను. 14 అంశాలున్నవి. కూలి సంగతి ఒక్కదానిలోనూ లేదు. మొదటి సమావేశం వచ్చే నెల 10వ తేదీన. పెట్టవలసిన అంశాల్లో మొదటిదిగా అది వ్రాసుకున్నాను.